పెన్సిలిన్ తిరిగొచ్చింది, కొనేదెవరు?

కాకినాడ జిల్లా తొండంగి మండలంలో అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ 2024లో పెన్సిలిన్-జి ఉత్పత్తి ప్రారంభించింది. ప్లాంటు సామర్థ్యం ఏటా 15 వేల టన్నులు. పెన్సిలిన్-జి నుంచి 6-ఏపీఏ, దాన్నుంచి అమాక్సిసిలిన్, యాంపిసిలిన్ తయారవుతాయి. పిల్లల డాక్టరు రాసే సిరప్పుకు మూలం అక్కడే. ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తోడ్పాటుతో 1954లోనే పుణె పక్కన పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ వెలిసింది. ఆ తర్వాత సోవియట్ సాయంతో రిషీకేశ్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ యాంటీబయాటిక్స్ కర్మాగారం వచ్చింది. కాబట్టి తొండంగిలో చూస్తున్నది చేజారిన పరిశ్రమ ఇంటికి తిరిగి రావడమే. తిరిగి తెచ్చుకోవడానికి డబ్బు పెట్టాం గానీ, నిలుపుకోవడానికి కావలసిన కొనుగోలు ఏర్పాటు చేసుకోలేదు. మళ్లీ పోగొట్టుకునే ప్రమాదం అక్కడే పొంచి ఉంది.

మొదటిసారి ఎలా పోయిందో గుర్తు చేసుకోవాలి. 1990లలో దిగుమతుల ద్వారాలు తెరుచుకున్నాక చైనా సరుకు తక్కువ ధరకు వచ్చిపడింది. దాన్ని కొన్నది మన మందుల కంపెనీలే. బాలానగర్ ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన కల్లం అంజిరెడ్డి వంటివారు హైదరాబాద్‌ను బల్క్ డ్రగ్స్ కేంద్రంగా నిలబెట్టారు. రసాయన ప్రక్రియల్లో ఆరితేరాం, కిణ్వనంలో వెనకబడ్డాం. పెన్సిలిన్ రసాయనాలు కలిపి చేసే సరుకు కాదు, బూజును పెంచి రాబట్టేది. పెద్దపెద్ద ట్యాంకుల్లో గాలి, వేడి, చక్కెర పాళ్లు రోజుల తరబడి తప్పకుండా చూసుకోవాలి. బయటి సూక్ష్మజీవి చొరబడితే ఆ బ్యాచ్ అంతా పారబోయాల్సిందే. మంచి దిగుబడినిచ్చే బూజు రకాన్ని సాధించడానికి ఏళ్లు పడుతుంది, ఆ దిగుబడి మీదే ధర ఆధారపడి ఉంటుంది. ప్లాంటు మూతపడితే యంత్రాలను మళ్లీ కొనుక్కోవచ్చు. చెదిరిపోయిన పనితనాన్ని ఏ బజారులోనూ కొనలేం.

చైనా సరుకు మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో కోవిడ్ తొలినాళ్లలో తెలిసొచ్చింది. 2020 మార్చిలో కేంద్రం 26 రకాల ముడి మందులు, ఫార్ములేషన్ల ఎగుమతిపై ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. అదే ఏడాది బల్క్ డ్రగ్స్‌కు 6,940 కోట్ల రూపాయల ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం వచ్చింది. కిణ్వనంతో తయారయ్యే వాటికి అమ్మకాల మీద మొదటి నాలుగేళ్లు 20 శాతం, ఐదో ఏడు 15, ఆరో ఏడు 5 శాతం చెల్లిస్తారు. లోపం ఈ లెక్కలోనే ఉంది. చైనా కంపెనీలు ధర తగ్గించిన నాడు ఇక్కడి అమ్మకం పడిపోతుంది, దానితోపాటే ప్రోత్సాహకమూ పడిపోతుంది. సరిగ్గా ఆదుకోవాల్సిన సమయానికే చేయి సన్నగిల్లుతుంది. మరోవైపు ప్రభుత్వాసుపత్రుల టెండర్లను తేల్చేది ప్రధానంగా ధరే. ఆస్ట్రియాలోని కుండ్ల్‌లో 1946లో ఒక పాత బీరు కర్మాగారంలో మొదలైన పెన్సిలిన్ ప్లాంటును నిలుపుకోవడానికి అక్కడి ప్రభుత్వం 2020లో సాండోజ్ సంస్థకు 5 కోట్ల యూరోలు ఇవ్వజూపి, బదులుగా పదేళ్లపాటు తయారీ కొనసాగిస్తామన్న హామీ తీసుకుంది. అంత చేసినా, జెనెరిక్ ధరలు మరీ తక్కువైతే ఐరోపాలో తయారీ నిలవదని ఆ సంస్థ చెబుతూనే ఉంది. ప్లాంటుకు డబ్బిచ్చినంత మాత్రాన సరిపోదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

స్వదేశీ సరుకు కొంటే పేదల మందు ప్రియం కాదా? ఇది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు, లెక్క వేసి చూడాలి. కిలో అమాక్సిసిలిన్ ముడిమందుతో 500 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లు 1,700 దాకా అవుతాయి. కిలోకు 500 రూపాయలు పెరిగిందనుకున్నా, ఒక్కో క్యాప్సూల్‌పై పడేది సుమారు 30 పైసలు. రోజుకు మూడు చొప్పున ఐదు రోజులు వాడితే నాలుగున్నర రూపాయలు. ప్రభుత్వ కొనుగోళ్లలో ఈ తేడాను ఖజానా భరించగలదు, భరించాలి కూడా. అందుకే దిగుమతికి కనీస ధర నిర్ణయించడం కంటే దీర్ఘకాలిక ప్రభుత్వ కొనుగోలు ఒప్పందాలు మేలని నా అభిప్రాయం. కనీస ధర పెడితే దిగుమతి సరుకుతో అమాక్సిసిలిన్ చేసి ఎగుమతి చేసుకునే చిన్న యూనిట్లు నలిగిపోతాయి. ఇక, ఒక్కరి మీద ఆధారపడకుండా పలుచోట్ల కొంటే చాలదా అనే వాదన చొక్కాలకు, బొమ్మలకు సరిపోతుంది. పెన్సిలిన్-జిని భారీ ఎత్తున అమ్మే దుకాణాలు చైనా బయట వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. 2016లో చైనాలోని ఒక్క కర్మాగారంలో పేలుడు జరిగితే, పిపరాసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్ కోసం ఎన్నో దేశాల ఆసుపత్రులు వెతుక్కోవాల్సి వచ్చింది.

నాకు అన్నిటికంటే బరువుగా తోచే అభ్యంతరం కాలుష్యం. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల అధ్యయనం బయటపెట్టింది. మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా అది ఎక్కువ. అలాంటి నీటిలో పెరిగే బ్యాక్టీరియా మందుకు లొంగడం మానేస్తుంది, అప్పుడు ఫ్యాక్టరీ ఇంట ఉన్నా ప్రయోజనం ఉండదు. వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది, 2021 తుది నోటిఫికేషన్‌లో వాటిని వదిలేసింది. ఆ పరిమితులను మళ్లీ చేర్చాలి. అంతదాకా ఆగకుండా, పైన చెప్పిన దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందంలోనే ఆ షరతు రాయవచ్చు. ధరకు హామీ ఇచ్చే ప్రభుత్వానికి, బయటికి వదిలే నీటి గురించి అడిగే హక్కు కూడా ఉంటుంది.