మజిలీలు లేని మార్గమును గూర్చి

భారత జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ అధ్యక్షులవారి సముఖమునకు,

అయ్యా,

హైదరాబాదునకు పడమటి దిక్కున, గచ్చిబౌలియందు, కుమార్తె యింట కాలక్షేపము చేయుచున్న వృద్ధుడనైన నేను, మీ నలుబది నాలుగవ జాతీయ రహదారిమీదుగా పసిబిడ్డతోను రెండు శునకములతోను అనంతపురమునకు పోయి వచ్చుచుండు కుటుంబమునకు చెందినవాడ నగుటచే, ఆ మార్గమును గూర్చి మీకు కొంత విన్నవించుకొనవలెనని ఈ లేఖ వ్రాయుచున్నాను. దారి బాగుగ లేదని చెప్పుటకు కాదు. వేకువజామున హైదరాబాదు విడిచిన బస్సు మిట్టమధ్యాహ్నము దాటినగాని కర్నూలు చేరని దినములను నే నెరుగుదును. ఆ ప్రయాణముల దుమ్మును, ఎదురుగా వచ్చు లారీల భయమును అనుభవించిన నాకు, శ్రీనగరమునుండి కన్యాకుమారి వరకు సాగిన ఈ మహామార్గముపై శంషాబాదు దాటిన మూడు గంటలలో తుంగభద్ర వంతెన నెక్కుట నేటికిని విస్మయమే. ఇంతటి దారి వేసినవారియందు నాకు గల గౌరవమే ఈ మనవికి మూలము.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మా ప్రాంతమునకు వచ్చి చేరిన యువదంపతులలో ఇక్కడ పుట్టినవారు బహుస్వల్పము. అనంతపురమువారు, ఖమ్మమువారు, శ్రీకాకుళమువారు పదునేనవ అంతస్తులలో కాపురములు పెట్టి, పగలెల్ల కంప్యూటరు ముందు గడిపి, సాయంకాలము పలుకరించు దిక్కులేక మొదట నొక కుక్కపిల్లను తెచ్చుకొందురు. దానికి తోడుగా వీధిలో వానకు తడియుచున్న మరియొకదానిని చేరదీయుదురు. అటుపిమ్మట బిడ్డ కలుగును. పండుగ వచ్చినప్పుడు వీరందరును స్వస్థలములకు పోవలెను. రైలులో కుక్కను వెంటబెట్టుకొని పోవలెనన్న మొదటి తరగతిలో రెండు లేక నాలుగు పడకల గది నంతయు తీసికొనవలయును. కానిచో అది బ్రేకువ్యానులో ఒంటరిగా పోవలయును. కుక్కల వసతిగృహమున విడిచిన ముసలికుక్క అన్నము మాని కూర్చుండును. కనుక మిగిలిన దారి కారే. ఈ కుటుంబములు విలాసమునకై బయలుదేరినవి కావు. మనుమరాలిని నాయనమ్మకు చూపుటకు బయలుదేరినవి.

ఇట్టి ప్రయాణము ఏ రీతిగా సాగునో, అధికారుల నివేదికలలో కానరాని విషయ మగుటచేత, కొంత విస్తరించి చెప్పుటకు అనుమతింపుడు.

మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణవలన, 194బి అను విభాగమున, పదునాలుగేండ్లలోపు బిడ్డను బెల్టుతో గాని, బిడ్డలకై చేసిన ప్రత్యేకపు సీటుతో గాని బంధింపక వాహనమున తీసికొనిపోవువారికి వేయి రూపాయల జరిమానా విధింపబడినది. ఈ నియమము సర్వవిధముల న్యాయమైనది. తల్లి ఒడికన్న భద్రమైన చోటు లేదని మనము తరతరములుగా నమ్మితిమి. కాని నూరు కిలోమీటర్ల వేగమున పోవు బండి హఠాత్తుగా నిలిచినప్పుడు ఏ తల్లి చేతులకును బిడ్డను పట్టి నిలుపు శక్తి యుండదు. మా యింట ఎనిమిది నెలల పాపను వెనుకటి సీటునందు, వెనుకకు మొగముగా అమర్చిన చిన్ని సీటులో కూర్చుండబెట్టి, పట్టీలు బిగించి బయలుదేరుదుము. అయితే పట్టీలు బిగించిన బిడ్డకు పాలిచ్చుట యెట్లు? ఆ యీడు బిడ్డకు రెండు మూడు గంటలకొకమారు ఆకలి వేయును. అంత లేతప్రాయమున ఆ సీటులో రెండు గంటలకు మించి కదలక కూర్చుండబెట్టుట మంచిది కాదనియు వైద్యులు చెప్పుదురు. అనగా బండి నిలువవలెను, పట్టీలు విప్పవలెను, తల్లి ఒకచోట నెమ్మదిగా కూర్చుండవలెను. బిడ్డను సీటునకు బంధింపుమని ఆజ్ఞాపించిన చట్టమే, బంధము విప్పుటకు యోగ్యమైన స్థలమును మార్గమున చూపవలసిన బాధ్యతను రాజ్యముపై మోపినదని నా దృఢాభిప్రాయము. మొదటి సగము ఆచరణలోనికి వచ్చినది. రెండవ సగము మీ చేతిలో నున్నది.

శునకముల సంగతియు నిట్టిదే. మా వద్ద నున్నవానిలో ఒకటి లాబ్రడార్, రెండవది అల్లుడు వీధినుండి తెచ్చిన నాటుకుక్క. కారులో వదులుగా విడిచిన కుక్క, బండి గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకు విసరివేయబడి తన ప్రాణమునకును ఇతరుల ప్రాణమునకును ముప్పు తెచ్చును గనుక, వానికి వక్షఃస్థలమున పట్టీలు తొడిగి బెల్టునకు తగిలింతుము. జంతువును అనవసరమైన బాధ కలుగునట్లు వాహనమున తీసికొనిపోవుట నేరమని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది. ఆ చట్టమునకు మూలమైన యోచనను, నాట్యకళాకోవిదురాలైన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా నుండి మొదట సభ ముందుంచినది. బాధ యనునది దెబ్బవలన మాత్రమే కలుగునది కాదు. కుక్కకు మనవలె దేహమంతట చెమట పట్టదు. రొప్పుచు నాలుకద్వారమున వేడిని వెలిబుచ్చుటయే దానికి గల ప్రధానోపాయము. అణగిన ముక్కు గల పగ్ వంటి జాతులకు ఆ ఉపాయమును అంతంత మాత్రమే. ఎండలో అద్దములు మూసి నిలిపిన కారులో పది నిమిషములకే వేడిమి మరి పది డిగ్రీల మేర పెరుగును. కర్నూలు అనంతపురముల వేసవియం దేమగునో చెప్పనక్కరలేదు. పసిబిడ్డ దేహము పెద్దల దేహముకన్న ఎన్నో రెట్లు వేగముగా వేడెక్కును. కావున బిడ్డనుగాని కుక్కనుగాని కారులో విడిచి దిగుట యనునది మాకు లేని మాట.

ఇక నిలుచు చోట జరుగున దేమి? ఏదో యొక హోటలు ముందర ఆగుదుము. కుక్కలకు లోపలికి ప్రవేశము లేదు. అది వారి నియమము, నేను తప్పుపట్టను. బయట నీడయు లేదు. ఆవరణమంతయు సిమెంటు పలకలు పరచి యుండును, అవి మధ్యాహ్నమునకు అట్లపెనమై యుండును. అల్లుడు ఇంజను ఆపకుండ కుక్కలతో బండిలోనే కూర్చుండును. కుమార్తె బిడ్డ నెత్తుకొని పాలిచ్చుటకు చోటు వెదకును. ఒకచోట పాలిచ్చు గది కలదని చూపినారు. అది మరుగుదొడ్ల వరుసలో చివరిది, గడియ లేనిది, చీపుళ్లును ఫినాయిలు డబ్బాలును నింపినది. తల్లి తిరిగి వచ్చి కారు అద్దములకు తువ్వాళ్లు కట్టి ఆ వేడిలోనే బిడ్డకు పాలిచ్చినది. ఆ హోటలు పేరు వ్రాయుట నా ఉద్దేశము కాదు, ఇది ఏ యొక్క హోటలు దోషమును కాదు గనుక. కుక్కలను తారు అంచున నడిపించి చూచితిమి. నేలపై అరచేయి ఆనించిన కొన్ని క్షణములైనను నిలువని వేడి. అంతలో ఆ ప్రదేశమును తమదిగా నెంచుకొన్న కుక్కలు నాలుగైదు మొరుగుచు మీదికి రాగా, బిడ్డ బెదరి యేడ్చినది. వానినైన నేనేల నిందింతును? మిగిలిన అన్నము తిని అక్కడ బ్రదుకుచున్న జీవములవి.

ఈ దారిలో మాకు సేదదీరు చోట్లు బొత్తిగా లేవనుటయు సత్యము కాదు. బీచుపల్లి వద్ద కృష్ణ దాటునప్పుడు చెట్లనీడ నాగి, చల్లగాలి తగిలిన పిదప బిడ్డ నవ్వుటయు, కుక్కలు నేలపై పొర్లుటయు చూచి ఆనందించినాము. కాని అది నదియు ఆంజనేయస్వామియు ఒసగిన మజిలీ. రహదారి ఒసగినది కాదు.

అయ్యా, మార్గమునకు కొలమానము వేగ మొక్కటియే యని మన పూర్వులు తలపలేదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఉద్యోగి యైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో పెద్ద పరివారముతో బయలుదేరి, శ్రీశైలము, హైదరాబాదుల మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. ఆయన కాశీయాత్రా చరిత్రను చదువువారికి మొట్టమొదట తోచునది, ప్రతి మజిలీయందును నీరు మంచిదా, చెట్లనీడ కలదా, దిగుటకు చావడి యున్నదా, అంగళ్లలో ఏమి దొరకును అని ఆయన శ్రద్ధతో వ్రాసిన తీరు. స్త్రీలతోను పరివారముతోను నడచిన ఆ పెద్దమనిషికి దారి యనగా ఒక మజిలీనుండి మరియొక మజిలీకి గల ఎడము మాత్రమే. పసిబిడ్డతో పోవువారికి ఈనాటికిని దారి యట్టిదే.

అంతకన్న ప్రాచీనమైన సాక్ష్యము మీ రహదారికి కూతవేటు దూరమున కాకున్నను, కారులో కొలది నిమిషముల దూరముననే యున్నది. గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో, ఎర్రగుడి యొద్ద గుట్టపై బండలమీద అశోకచక్రవర్తి ధర్మలిపులు చెక్కబడి యున్నవి. 1929లో అవి వెలుగులోనికి వచ్చినవి. ఆయన పదునాలుగు ప్రధాన శిలాశాసనములును అక్కడ కలవు. వానిలో రెండవ శాసనము, మనుష్యులకును జంతువులకును చికిత్సలు ఏర్పరచితిననియు, దారులవెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించితిననియు, అవి మానవులకును పశువులకును ఉపభోగార్థమనియు తెలుపుచున్నది. రెండువేల రెండువందల యేండ్లకు పూర్వము మన సీమ రాతిమీద వ్రాయించిన ప్రభువు, బాటసారులను లెక్కించునప్పుడు జంతువులను విడిచి లెక్కింపలేదు. గుత్తి దాటునపుడెల్ల నాకు ఆ గుట్ట తలపునకు వచ్చును. వెనుక సీటునందు నిద్రించుచున్న మూడు ప్రాణులను చూచి, ఆ శాసనము వీరికొరకే వ్రాయబడినట్లు తోచును.

మీ సంస్థ ఈ దిశగా ఆలోచింపలేదని నే ననను. నలుబది మొదలు అరువది కిలోమీటర్లకొక మార్గస్థ సౌకర్యకేంద్రము ఉండవలెనని మీరే సంకల్పించినారు. 2024 అక్టోబరులో కేంద్ర రహదారి శాఖ ప్రకటించిన హమ్‌సఫర్ విధానమున శుభ్రమైన మరుగుదొడ్లతోపాటు శిశుసంరక్షణ గదులును పేర్కొనబడినవి. అది చదివి నేను నిజముగ సంతసించితిని. నా కోరిక యేమన, ఆ గది కాగితముపై గల పేరుగా కాక, తల్లి కూర్చుండదగిన స్థలముగా నుండవలె ననుటయే: మరుగుదొడ్లకు అంటుకొనక వేరుగ నుండవలెను, లోపలినుండి గడియ పడవలెను, వీపు ఆన్చుటకు కుర్చీ, పైన పంకా, బిడ్డను పరుండబెట్టి బట్ట మార్చుటకు నడుమెత్తు బల్ల, చేతులు కడుగుటకు నీరు, డైపరు వేయుటకు మూతగల బుట్ట ఉండవలెను. ఇందు ఖరీదైన దేదియు లేదు. తాళముచెవి ఎవని యొద్ద నున్నదో వెదకనక్కరలేకుండుట మాత్రము అన్నిటికన్న ముఖ్యము.

శునకములకై కోరునది అంతకన్న స్వల్పము. ఒక మూల కంచె వేసిన కొంత మట్టినేల, రెండు తలుపుల ద్వారము, ఒక వేపచెట్టో కానుగచెట్టో, నేలకు తక్కువ యెత్తున ఒక కొళాయి, మలము తీసి వేయుటకు ఒక బుట్ట. కొండాపూరులో మా నగరపాలక సంస్థ 2018లో సుమారు ఎకరము పాతిక నేలలో శునకోద్యానము నొకటి తెరచినప్పుడు ఇది వృథావ్యయమని ఆక్షేపించినవారు కలరు. మీ కేంద్రములలో అందు పదవవంతు నేలయే చాలును. కుక్కలన్న వెరపు గల ప్రయాణికులు అనేకులున్నారు, వారి వెరపు గౌరవింపదగినది. కంచె వేసిన చోటు ముందుగా వారికే మేలు చేయును, ఏలయన ఇప్పుడు కుక్కలు గలవారు చోటులేక వారి నడుమనే తిరుగుచున్నారు. మనుష్యులకే వసతులు చాలని దేశమున కుక్కలకు వసతులా యని యడుగువారికి నేను వినయముతో చెప్పునది యొక్కటే: నీడయు నీరును కల్పించిన పిదప వానిని ముందుగా వాడుకొనువారు లారీ డ్రైవర్లును, మోటారు సైకిలుపై బిడ్డలతో పోవు పేదలును అగుదురు.

2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగ్ తప్పనిసరి యైన మీదట టోలు ద్వారముల యొద్ద నిలుచు పని తగ్గినది. రహదారి మనలను నిలుపుట తగ్గినది గాని, మనము కోరి నిలుచుటకు చోటు పెరుగలేదు. తదుపరి పాలగది ఎన్ని కిలోమీటర్లలో నున్నదో ముందుగానే పెద్ద యక్షరములతో బోర్డుమీద చూపినచో, బిడ్డ యేడ్పు మొదలైన తల్లి ఇంకను పది నిమిషము లోర్చుకొనవచ్చునో లేదో తెలిసికొనును. మీ రహదారి సహాయ నంబరైన 1033కు ఫోను చేసిన ప్రయాణికునకు సమీప శిశువైద్యశాలను గూర్చియు చెప్పు ఏర్పాటు కావలెను. అట్లే రెండు తెలుగు రాష్ట్రములయందును సంచార పశువైద్య వాహనములు 1962 నంబరున కలవు. అవి ప్రధానముగా రైతుల పశువులకై ఏర్పడినవే యైనను, వడదెబ్బ తగిలిన మూగజీవమునకు ప్రథమచికిత్స యెక్కడ దొరకునో తెలుపుటకు ఆ నంబరును మీ బోర్డులపై వ్రాయించుటకు వ్యయ మేపాటి?

దేశమంతట ఒక్కమారు చేయుమని అడుగుట నా వయసువానికి తగదు. శంషాబాదునుండి అనంతపురము వరకు గల భాగమునందు, రాయికల్ టోలు దాటిన పిదప ఒకటి, కృష్ణకు ఈవల ఒకటి, డోన్ ప్రాంతమున ఒకటి, ఈ మూడుచోట్ల ఇట్టి మజిలీలను వచ్చు వేసవికి ముందుగా కట్టించి చూడుడు. నమూనా గీయునప్పుడు మీ ఇంజనీర్లు గచ్చిబౌలికి వచ్చినచో, కుర్చీ యెంత యెత్తుండవలెనో, గడియ యే వైపున నుండవలెనో చెప్పుటకు మా వీధిలో పసిబిడ్డల తల్లులు సిద్ధముగా నున్నారు. ఆదివారము ఉదయమైన మేలు, పనిదినములలో వారికి తీరిక యుండదు.

ఇట్లు విన్నవించు,
గచ్చిబౌలి నివాసి యగు ఒక తాత