చేతులు ఎత్తిపట్టేవారు

1989 జూలై 19న అమెరికాలో ఓ విమానం తోక ఇంజిన్ గాలిలోనే పగిలి, హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయాయి. కెప్టెన్ ఆల్ హేన్స్ బేషజానికి పోలేదు. ప్రయాణికుల్లో ఉన్న పైలట్ల శిక్షకుడు డెన్నీ ఫిచ్‌ సాయానికి వస్తే, మిగిలిన రెండు ఇంజిన్ల థ్రాటిళ్లు ఆయన చేతికిచ్చారు. సూ సిటీలో విమానం కూలినా 296 మందిలో 184 మంది బతికారు. ఆ ఘనత అందరిదనీ, కలిసి పనిచేయడమే కాపాడిందనీ హేన్స్ ఊరూరా తిరిగి బోధించారు. 2019లో కన్నుమూశారు.

మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఎత్తిపట్టారు (నిర్గమ 17:12). బచ్చన్నపేటలో సేవచేసే నేనేమో యౌవనస్థులకు వాక్యవేదిక ఇవ్వడానికి ఏళ్లతరబడి వెనుకాడాను. పక్కవారి చేతిని వద్దనే కాపరి మందనే ప్రమాదంలోకి నెడతాడు. ప్రభువు నన్ను క్షమించును గాక!