పరీక్ష అదే, పట్టా అదే... గుర్తింపే లేదు!

1858లో లండన్ విశ్వవిద్యాలయం ఓ సాహసం చేసింది. ఎక్కడ చదివారని అడగం, పరీక్ష నెగ్గితే పట్టా ఇస్తామంది. అలా దూరం నుంచే చదివినవారిలో నెల్సన్ మండేలా ఒకరు. రోబెన్ దీవి జైలులో పగలంతా సున్నపురాయి గనిలో చాకిరీ, రాత్రి గదిలో లండన్ ఎల్‌ఎల్‌బీ పుస్తకాలు. రహస్యంగా రాస్తున్న ఆత్మకథ అధికారుల కంటపడటంతో నాలుగేళ్లు చదువుకునే అనుమతి పోయింది. అయినా పట్టు వదల్లేదు. దూరవిద్యకు పేరుపొందిన దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి 1989లో ఎల్‌ఎల్‌బీ పూర్తిచేశారు. అప్పటికీ ఆయన ఖైదీనే.

ఇప్పుడు విదేశీ డిగ్రీకి పొలం తాకట్టు పెట్టి విమానం ఎక్కనక్కర్లేదు. అమెరికాలోని జార్జియా టెక్ 2014లో ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ మొదలుపెట్టినప్పుడు మొత్తం ఫీజు 7,000 డాలర్ల లోపే. పట్టా మీద ఆన్‌లైన్ అన్న మాట కూడా ఉండదు. పగలు మాదాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి వీడియో పాఠాలు విని అసైన్‌మెంట్లు పంపే ఇంజినీరుకు ఇదో వరం. అయితే ఇంట్లో కూర్చుని చదివే ఈ కోర్సుకు ఎఫ్-1 విద్యార్థి వీసా రాదు, దాని వెంట వచ్చే ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ కొంతకాలం పనిచేసే అనుమతి కూడా ఉండదు. అమెరికాలో ఉద్యోగం కోసమే ఎంఎస్ అనుకునేవారు ఆ సంగతి ముందే తెలుసుకోవాలి.

అసలు చిక్కు మన దగ్గరే ఉంది.

విదేశీ డిగ్రీతో ఇక్కడ పీహెచ్‌డీలో చేరాలన్నా, ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా తత్సమాన ధ్రువపత్రం అడుగుతారు. 2025 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనల ప్రకారం అది కావాలంటే రెగ్యులర్‌గా చదివి ఉండాలి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చదివితే కుదరదు.

ఇదే యూజీసీ, గుర్తింపు ఉన్న మన విశ్వవిద్యాలయాల దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని 2022లో స్పష్టం చేసింది. దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పొలం పనులు చేసుకుంటూ, దుకాణం నడుపుకుంటూ అక్కడ చదివినవారి పట్టా చెల్లుతున్నప్పుడు, లండన్ పరీక్ష రాసి నెగ్గినవారి పట్టా ఎందుకు చెల్లకూడదు?

దొంగ డిగ్రీల భయం నిజమే. అనుమతి లేకుండా విదేశీ విశ్వవిద్యాలయాల పేరిట కోర్సులు నడుపుతున్న ఎడ్‌టెక్ సంస్థల గురించి యూజీసీయే 2023 డిసెంబరులో హెచ్చరించింది. అలాంటి దుకాణాలను మూయించాల్సిందే. కానీ వాటిని, శతాబ్దం దాటిన విశ్వవిద్యాలయాలను ఒకే గాటన కట్టడం అన్యాయం. సొంత దేశంలో పక్కా గుర్తింపు ఉండి, పర్యవేక్షణలో పరీక్షలు పెట్టే విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ ప్రకటించాలి. వాటి దూరవిద్య డిగ్రీలకూ తత్సమాన హోదా ఇవ్వాలి.

అంతవరకూ విద్యార్థులు కన్సల్టెన్సీల మాటలు నమ్మి ఫీజు కట్టొద్దు. ఆ డిగ్రీతో ఏ ఉద్యోగం చేయాలనుకుంటున్నారో, ఎక్కడ పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారో ఆ సంస్థనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.