రక్తం తిరిగి వస్తే లివరుకు దెబ్బా?

మౌలాలి నుంచి ఒక సోదరి వ్రాశారు. భర్తకు లివరు పూర్తిగా పాడైంది. కొడుకు తన లివరులో కొంత భాగం ఇవ్వటానికి సిద్ధపడ్డాడు. "రక్తం వదలగానే కొత్త లివరు కొంత దెబ్బతినవచ్చునని సర్జను గారన్నారు. రక్తం లేకపోతే చెడాలి గాని, వస్తే చెడటమేమిటి? ఎంజైములను ఆపే మందేదో ఉందని మా మరిది చదివాడు. ఎంత ఖరీదైనా కొంటాం" అంటున్నారు.

అమ్మా, మీ సందేహం సబబైనదే. రెండు రోజులు నల్లా రాక, ఒక్కసారి వదిలితే మొదట ఏమొస్తుంది? తుప్పూ, బురదా. ఇదీ కొంచెం అలాంటిదే. రక్తం ఆగినంతసేపూ కణాలలో ఎ.టి.పి. అనే శక్తి తరిగిపోతుంది. (1929లో దీన్ని కనుగొన్నవారిలో ఒకరైన యల్లాప్రగడ సుబ్బారావు గారు మన భీమవరంలో పుట్టినవారే.) ప్రాణవాయువు తిరిగి అందగానే ఆ నీరసించిన కణాలలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి. ఆ కబురును కణమంతటా మోసేవి కైనేజులనే ఎంజైములు. ఇంటింటికీ తలుపు తట్టి లేపినట్లు, ఒకటి మరొకదానికి ఫాస్ఫేటు తగిలించి మేల్కొలుపుతుంది. వీటిలో జె.ఎన్.కె. అనేది చాలాసేపు మేలుకొని ఉంటే కణం చావుకు సిద్ధపడుతుంది. తరువాత తెల్ల రక్తకణాలు వచ్చి వాపును పెంచుతాయి. అందుకే కొంత దెబ్బ వెంటనే, మరికొంత గంటల తరువాత కనబడుతుంది.

ఈ ఎంజైమును ముందుగా అడ్డుకుంటే ఎలుకల లివరు తక్కువగా చెడింది. మీ మరిది చదివింది అబద్ధం కాదు. కాని లివరు మళ్ళీ పెరగటానికీ ఇదే ఎంజైము కావాలి. మీ ఇంట్లో తండ్రికి పెట్టిన ముక్కా పెరగాలి, కొడుకుకు మిగిలినదీ పెరగాలి! ఈ పనికి ఆ మందులు మనుషులలో ఇంకా వాడుకలోకి రాలేదు. బజారులో వెతకకండి. ఎవరైనా అమ్మజూపితే సర్జను గారికి చెప్పండి.

ఆయన చేసేది వేరు. తీసిన భాగాన్ని ప్రత్యేక ద్రావణంతో కడిగి, సుమారు 4 డిగ్రీల చలిలో ఉంచి, వీలైనంత త్వరగా అమరుస్తారు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకే ఆస్పత్రిలో ఉంటారు గనుక మీకు ఆ వ్యవధి తక్కువ.

మీ చేతిలో ఉన్నది అబ్బాయి బరువు. కొవ్వు పట్టిన లివరు ఈ దెబ్బకు ఓర్చుకోలేదు. తగ్గమంటే డాక్టరు చెప్పిన పద్ధతిలోనే తగ్గాలి, ఉపవాసాలతో కాదు. మద్యం, పసరు మందులు, లివరు టానిక్కులు వద్దు. దాతకు కూడా ఇది పెద్ద ఆపరేషనే. మీరు పక్కన లేనప్పుడు అతన్ని డాక్టరుతో ఒకసారి మాట్లాడనివ్వండి.

ఆపరేషను తరువాత మొదటి రోజుల్లో ఎస్.జి.ఒ.టి., ఎస్.జి.పి.టి. అంకెలు బాగా పెరుగుతాయి. రిపోర్టు చూసి ఏడవకండి. అవి రోజురోజుకూ దిగుతున్నాయా అని అడగండి.