మన నోటి పాట ఎక్కడికి పోయింది?



ఈ మధ్య మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక పాట వచ్చింది. మీలో చాలామంది వినే ఉంటారు. కొత్తగా ఎవరో రాసిన ఆరాధన పాట. గొంతు మాత్రం అచ్చం బాలు గారిదే. మేము కూడా విన్నాం, మా ఇంట్లో అమ్మగారికి వినిపించాం, చేతులు జోడించిన బొమ్మ పెట్టాం, తెలిసిన ఇద్దరు పాస్టర్లకు పంపించాం కూడా. సాయంత్రానికి ఇంటర్ చదివే తమ్ముడొకడు గ్రూపులోనే అడిగాడు: "అయ్యగారూ, బాలు గారు పోయి ఇన్నేళ్లయింది కదా, ఈ పాట ఎప్పుడు పాడినారు?"

ఆ ప్రశ్న మాకు తట్టనే లేదు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. కరోనా రోజుల్లో మనమందరం టీవీల ముందు కూర్చుని ఆ వార్త విని కళ్లు తుడుచుకున్నవాళ్లమే. ఆ పాటను పాడించింది ఏఐ. ఒక మనిషి పాడిన పాత రికార్డులు కంప్యూటరుకు వినిపిస్తారు. అది ఆ గొంతులోని తీరును పట్టుకుంటుంది. ఆ తర్వాత వేరే ఎవరు పాడినా, పాడినవాడి గొంతు మీద ఈ గొంతును చొక్కాలా తొడుగుతుంది. వినేవాళ్లకు తేడా తెలియదు. మాకూ తెలియలేదు.

ఈ గొడవ సినిమావాళ్ల దగ్గర ముందే మొదలైంది. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో నాన్నగారి గొంతును ఏఐతో తయారుచేసి వాడారని, తమను అడగలేదని బాలు గారి కుమారుడు చరణ్ గారు 2024 మొదట్లో ఆ సినిమావాళ్లకు లీగల్ నోటీసు పంపించారు. అదే ఏడాది తమిళంలో వచ్చిన 'లాల్ సలాం' సినిమాలో ఏఆర్ రెహమాన్ గారు, చనిపోయిన ఇద్దరు గాయకులు బంబా బక్యా, షాహుల్ హమీద్ గార్ల గొంతులను ఇదే పద్ధతిలో వినిపించారు. తాము కుటుంబాలను అడిగి, వాళ్లకు డబ్బు కూడా ఇచ్చామని ఆయన చెప్పారు.

అడిగి తీసుకోవడం వేరు, అడక్కుండా తీసుకోవడం వేరు. పక్కవాడి చేలో శనక్కాయ పీకినా అడిగి పీకమని మన పిల్లలకు చెప్పుకుంటాం. గొంతు శనక్కాయ కంటే తక్కువదేమీ కాదు. అది ఆ మనిషి కష్టం, ఆ మనిషి ఊపిరి. కాబట్టి గ్రూపులో పంపిన ఆ పాటను మేము తీసేశాం. పంపిన ఇద్దరు పాస్టర్లకూ ఫోను చేసి చెప్పాం. ఇంతవరకు మాకు అనుమానం లేదు.

కానీ ఆ రాత్రి మాకు నిద్ర పట్టనిది ఇందుకు కాదు. ఆ పాట మనకు ఎందుకంత నచ్చింది? మనం పాడాల్సిన పాటను వేరే ఎవరో మనకంటే బాగా పాడి పెడితే, మనం హాయిగా కూర్చుని వినొచ్చు. అందుకే నచ్చింది. ఈ అలవాటు మనకు ఏఐతో రాలేదు, అంతకు చాలా ముందే వచ్చింది. అది ఎంత ముదిరిందో ఒక సమాధి కార్యక్రమంలో కళ్లారా చూశాం.

రెండేళ్ల కిందటి మాట. మన సంఘంలో ఒక పెద్దావిడ ప్రభువులో నిద్రించింది. జీవితమంతా నాపరాయి గనుల్లో చిప్ప ఎత్తి, బండలు మోసి బిడ్డలను పెంచిన తల్లి. సాయంత్రం ఐదు దాటింది. బండల పాలిష్ మిషన్లు ఆగిపోయి ఊరు కాస్త నిమ్మళంగా ఉంది. పెట్టెను గుంటలోకి దించే ముందు పాట పెట్టమన్నాం. బ్లూటూత్ స్పీకరు పెట్టినారు. ఒక చరణం అయిందో లేదో స్పీకరు చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. ఇంకో ఫోనులో పెడదామంటే అక్కడ సిగ్నల్ రాలేదు. నూటయాభై మంది నిలబడి ఉన్నాం. వారం వారం వినే పాటే అది. ఒక్కరికీ రెండో చరణం రాలేదు. పాస్టరు అని పిలిపించుకునే మాకు కూడా మొదటి మాట గుర్తు రాలేదు. ఆ తల్లి బిడ్డలు మా ముఖం వైపు చూస్తున్నారు. ఆ నిమిషం సిగ్గును మేము ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పుడు వెనకనుంచి ఒక అవ్వ ముందుకు వచ్చింది. చనిపోయినావిడతో కలిసి గనిలో పనిచేసిన మనిషి. "డబ్బా పాడకుంటే మనకు నోర్లు లేవా అయ్యగారూ?" అనింది. కొంగు నెత్తిన సర్దుకుని, కళ్లు మూసుకుని ఒక పాత కీర్తన ఎత్తుకుంది. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ, ఒక్క మాట తడబడకుండా. గొంతు బొంగురు. పైస్థాయికి పోయినప్పుడు పగిలిపోతా ఉంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. పల్లవి మళ్లీ వచ్చినప్పుడు మేమంతా కూనిరాగం తీసినట్టు వెనక కలిశాం. ఆరోజు ఆ బిడ్డలను ఓదార్చింది మా ప్రసంగం కాదు, ఆ పగిలిన గొంతు.

తర్వాత అడిగాం, ఇన్ని చరణాలు ఎట్లా గుర్తున్నాయి అవ్వా అని. చిన్నప్పుడు లాంతరు వెలుగులో కూటాలు జరిగేటివంట. పుస్తకం ఒక్కటే ఉండేది, చదవొచ్చినోళ్లు ఒక్కరే. ఆయన ఒక వరస పాడితే అందరూ తిరిగి పాడేవాళ్లు. అట్లా పాడీ పాడీ నోటికి వచ్చేసింది అనింది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ ఇంట్లో ఉంటే ఒకసారి తెరిచి చూడండి. కీర్తనల తలమీద రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890లో పోయారు. మైకు లేదు, కరెంటు లేదు. ఆ కాలంలో ఆయన మన దేశపు రాగాల్లో, మన తాళాల్లో పాటలు కట్టారు. చదువురాని మనిషి కూడా చెవితో పట్టుకుని నోటితో దాచుకునేలా కట్టారు. వందేళ్లు దాటాక ఒక గని కూలి నోట్లో ఆ పాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయంటే, ఏ పెన్‌డ్రైవూ చేయలేని పని అది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మందిరంలోకి కీబోర్డు తెచ్చింది మేమే. కానుకలు కూడబెట్టి, ఇంకొంచెం అప్పుచేసి పెద్ద సౌండ్ బాక్సులు కొన్నదీ మేమే. వాయించేవాడు బెంగళూరుకు పనికి వెళ్లిపోయాక యూట్యూబులోనుంచి ట్రాకులు దించుకుని పెట్టడం మొదలుపెట్టాం. సౌండ్ పెంచేకొద్దీ మీ గొంతులు తగ్గిపోయాయి. మీ పాట మాకు వినపడటం లేదని గమనించడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

దీన్ని చదివి, అయ్యగారు సినిమా పాటల మీద, సంగీతం మీద కోపంగా ఉన్నారని అనుకోకండి. మాకు ఘంటసాల గారంటే ప్రాణం. 'పాడుతా తీయగా' మొదలైన 1996 నుంచి ఎన్నో వారాలు దానిముందు కూర్చున్నాం. బాలు గారు అందులో ఏంచేసేవారో గుర్తుందా? పిల్లవాడు ఎంత బాగా పాడినా, ఒక్క అక్షరం సరిగ్గా పలకకపోతే ఆపి, ఆ అక్షరం తానే పలికి చూపించేవారు. నోటినుంచి చెవికి, చెవినుంచి నోటికి. ఆయన నేర్చుకున్నదీ అట్లాగే. 'శంకరాభరణం' పాటలు పాడేనాటికి ఆయనకు శాస్త్రీయ సంగీతంలో పెద్ద శిక్షణ లేదు. కేవీ మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు పక్కన కూర్చుని నేర్పిస్తే పాడారు, జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. అంత నేర్పి, అంత పాడి వెళ్లిన మనిషికి మనం చేసే మర్యాద ఆయన గొంతును కంప్యూటరులో కరిగించి పోత పోయడమా, ఆయన చెప్పినట్టు మన పిల్లల చేత అక్షరం పలికించడమా?

'నాటు నాటు' సంగతి చూడండి. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు మన వీధిలో పిల్లలు ఎగిరిన ఎగురుడు మీకు గుర్తుండే ఉంటుంది. ప్రపంచమంతా అప్పటికే వినేసిన పాట అది. రికార్డు వేసి డాన్స్ చూపించినా సరిపోయేది. అయినా రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఇద్దరూ అక్కడికి వెళ్లి, ఆ వేదిక మీద నిలబడి పాడారు. లోకంలో అన్ని యంత్రాలూ ఉన్న చోటే మనిషి వచ్చి నిలబడి పాడితే అంత విలువ ఇస్తున్నారు. మన మందిరంలో పాడే మనుషులు ఉండి కూడా మనం యంత్రానికి అప్పగించి కూర్చున్నాం.

మన మండలంలోనే ఉన్న బెలుం గుహలు చూడటానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. 3,229 మీటర్ల పొడవు, 2002లో జనానికి తెరిచారు. 2006లో అందులో సప్తస్వరాల గుహను కూడా తెరిచారు. అక్కడ పైనుంచి వేలాడే రాళ్లను చెక్కతోనో, వేలి కణుపుతోనో తడితే గంట మోగినట్టు మోగుతాయి. మనం రోజూ ఇళ్లకు పరుచుకునే సున్నపురాయి కుటుంబమే అది కూడా. నీటిబొట్టు ఒకదాని మీద ఒకటి ఎన్నో వేల ఏళ్లు జారి ఆ రాయి తయారైంది. పోయినసారి మన సండే స్కూలు పిల్లలను తీసుకుపోతే ఒక పాప, "రాయి కూడా పాడుతుందే!" అనింది. మేము నవ్వాం గానీ, ఇంటికొచ్చాక ఆ మాట గుచ్చుకుంది. తడితే రాయి పలుకుతుంది. మనల్ని తట్టి చాలా రోజులైనట్టుంది.

యౌవనస్థులు ఒక మాట అంటారని మాకు తెలుసు. "అయ్యగారూ, మా గొంతు బాగుండదు, అపశ్రుతి పోతుంది, వినేవాళ్లు నవ్వుతారు." నిజమే, ఫోనులో అంత శుభ్రమైన పాటలు వినీ వినీ మన గొంతు మనకే నచ్చకుండా పోయింది. కానీ ఆ అవ్వ గొంతును ఏ పోటీలోనూ తీసుకోరు. పౌలు, సీలలు అర్ధరాత్రి చెరసాలలో పాడినప్పుడు కాళ్లు బొండలో ఉన్నాయి, వీపులమీద దెబ్బలు పచ్చిగా ఉన్నాయి. శ్రుతి ఎట్లా ఉందో ఎవరూ రాయలేదు. ఖైదీలు విన్నారని మాత్రం రాసి ఉంది. కష్టంలో ఉన్న మనిషికి పక్కనున్న మనిషి గొంతు చాలు.

అందుకని ఒక చిన్న ఏర్పాటు అనుకున్నాం. ప్రతినెలా మొదటి ఆదివారం కీబోర్డు, ట్రాకు, సౌండ్ బాక్సులు ఉండవు. డప్పు, తాళాలు, మన నోర్లు. నెలకు ఒక్క కీర్తన, అన్ని చరణాలూ నోటికి. ఆ అవ్వ, ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు శనివారం సాయంత్రం మందిరం అరుగుమీద కూర్చుని నేర్పిస్తామన్నారు. పిల్లలు ఆ పాటలను ఫోనులో రికార్డు చేసుకోవచ్చు. అవ్వను అడిగాం, సరే అనింది. ఆ రికార్డు విని నేర్చుకోవడానికి గానీ, మన బదులు పాడించడానికి కాదు.

దూరంగా ఉన్న మన బిడ్డలకు ఒక మనవి. ఈ ఆదివారం ఇంటికి ఫోను చేసినప్పుడు, మీ అమ్మనో అవ్వనో ఒక పాట పాడమని అడగండి. మొదట సిగ్గుపడతారు, "నాకేం వస్తుంది పో" అంటారు. ఇంకోసారి అడగండి. పాడాక మీరు కూడా రెండో చరణం కలపండి. రాకపోతే వాళ్లనే నేర్పమనండి. రేపు ఏదో ఒకరోజు మనం ఒకరి సమాధి దగ్గర నిలబడాల్సి వస్తుంది. ఆరోజు చార్జింగ్ ఉన్నా లేకపోయినా మన నోట్లో పాట ఉండాలి.