రేవులో కంప్యూటరు ఆగితే చెరువు రైతు మునగాలా?

రొయ్యలు పట్టుబడికి వచ్చాయి. నిన్న ఒప్పుకున్న రేటు ఇవాళ లేదు. అదేమని అడిగితే ఏజెంటు చెప్పేది ఒకటే మాట: "రేవులో సిస్టమ్ డౌనైందండీ, కంటెయినర్లు కదలడం లేదు." ఆ మాటలో నిజమెంతో, సాకు ఎంతో మీకు తెలియదు. తెలుసుకుంటేనే బేరం ఆడగలరు.

మీ చెరువులో పట్టిన రొయ్యను ప్లాంటులో గడ్డకట్టించి, మైనస్ 18 డిగ్రీల చలిలో ఉంచే కంటెయినర్లో రేవుకు పంపుతారు. ఎగుమతిదారు కస్టమ్స్ వారికి కంప్యూటరు ద్వారానే షిప్పింగ్ బిల్లు దాఖలు చేయాలి. అధికారులు చూసి 'సరే' అంటేనే పెట్టె ఓడ ఎక్కుతుంది. ఏ పెట్టె ఎక్కడుందో, ఏ ఓడకు వెళ్లాలో చూసుకునేది రేవు కంప్యూటరు. ఈ రెండింటిలో ఏది మొరాయించినా గేటు దగ్గర లారీలు బారులు తీరతాయి. ఓడ ఎక్కువసేపు ఆగదు. అది తప్పిపోతే తర్వాతి ఓడ దాకా రేవు అద్దె, చలి యంత్రానికి కరెంటు ఖర్చు. ఆ భారాన్ని ఎగుమతిదారు ఏజెంటు మీదకు, ఏజెంటు మీ మీదకు నెడతారు. మీరు నెట్టడానికి మీ వెనుక చెరువు గట్టే ఉంది. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఇలాంటివి జరగవనుకోవద్దు. 2017 జూన్‌లో మెర్స్క్ ఓడల కంపెనీ కంప్యూటర్లకు వైరస్ సోకితే, ముంబయి పక్కనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఆ సంస్థ టెర్మినల్ పని స్తంభించింది. 2023 జూలైలో జపాన్‌లోని నగోయా రేవులో ఇలాంటి దాడితోనే రెండు రోజులకు పైగా కంటెయినర్ల పని ఆగింది. అంతటి రేవులకే తప్పలేదు.

మరి దారి లేదా? ఉంది. కస్టమ్స్ చట్టం, 1962లోని 50వ సెక్షన్ ప్రకారం, కంప్యూటరు ద్వారా దాఖలు చేయడం వీలుకానప్పుడు మరో పద్ధతిలో దాఖలుకు కమిషనర్ అనుమతించవచ్చు. అంటే కంప్యూటరు ఆగినంత మాత్రాన కాగితం కూడా ఆగనక్కర్లేదు. ఆ అనుమతి ఎప్పుడిస్తారన్నదే ప్రశ్న. సరుకు రేవులో పేరుకున్నాక ఇస్తే ఏం లాభం? రొయ్యలు, పండ్ల వంటి సరుకుకు ఇన్ని గంటలు దాటితే కాగితాల పద్ధతి మొదలవుతుందని ప్రతి రేవులో ముందే ప్రకటించాలి. వ్యవస్థ ఆగిన రోజులకు రేవు అద్దె వసూలు చేయకూడదు.

కాగితాలకు వెళితే పాత తిప్పలు, చేతి తడుపులు మళ్లీ వస్తాయంటారు కొందరు. ఆ భయం కాదనలేనిది. కంప్యూటరు తీసేయమని మేమూ అనడం లేదు. కరెంటు పోతే ఎయిరేటర్లు ఆగుతాయని మీరు అప్పు చేసైనా జనరేటరు పెట్టుకుంటున్నారు కదా! ఎకరం చెరువుకున్న ముందుచూపు అంత పెద్ద రేవుకు ఉండొద్దా?

ఈలోగా మీ జాగ్రత్త మీది. సిస్టమ్ డౌన్ అన్న మాట వినగానే ఏ రేవు, ఎప్పటినుంచి అని అడగండి. మరో రెండు ప్లాంట్లకు ఫోను చేసి రేటు కనుక్కోండి. గడ్డకట్టిన సరుకు చలి తగ్గనంత కాలం రెండు మూడు రోజుల్లో చెడిపోదని గుర్తుంచుకోండి. రొయ్య ఆరోగ్యంగా ఉండి, మేత ఖర్చు భరించగలిగితే తొందరపడి తెగనమ్మవద్దు. తెగులు ఛాయలు కనిపిస్తే మాత్రం ఆగవద్దు. కౌంటు, రేటు, తేదీ కాగితం మీద రాయించుకోండి.

ఒక్కరు అడిగితే విననివారు ఊరంతా అడిగితే వింటారు. చుట్టుపక్కల చెరువుల వారంతా కలిసి అర్జీ పెట్టండి. రేవులో జరిగిన తప్పుకు చెరువులో జరిమానా ఇక చెల్లదని చెప్పండి.