పునర్నిర్మాణ ధనానికి కావలి ఎవరు?

ఇల్లు కాలినవానికి ఇల్లు కట్టించి ఇచ్చుట ఉత్తమ ధర్మమని అన్ని మతాలూ బోధిస్తున్నవి. కాని ఆ ఇంటి కొరకు ఇచ్చిన ధనం దారిలోనే మాయమైనచో దానిని ధర్మమని ఎట్లు అనగలము? యుద్ధం వలననో, ప్రకృతి వైపరీత్యం వలననో శిథిలమైన దేశాలను తిరిగి నిలబెట్టుటకు రాజ్యాలు వేల కోట్లు వెచ్చిస్తున్న ఈ కాలంలో ఇది చిన్న ప్రశ్న కాదు. ఇచ్చినవారు ఎంత ఇచ్చారన్నది పత్రికలలో పెద్ద అక్షరాలతో వస్తుంది. అందులో ఎంత సద్వినియోగమైనదన్నది కొన్ని సంవత్సరాల తరువాత ఏదో ఒక ఆడిటు నివేదికలో, ఎవరూ చదవని పుటలో వస్తుంది. ఆ పుటలను గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే ఈ వ్యాసం ఉద్దేశం. మా అభిప్రాయాన్ని ముందే విన్నవించుకుంటున్నాము. లెక్క అడిగే అధికారి ధనం కంటె ముందుగా బయలుదేరవలెను. ఎవరి పేరిట ఆ ధనం ఖర్చవుతున్నదో వారికి కూడ లెక్క అడిగే హక్కు ఉండవలెను.

మొదట ఇరాకు దేశం సంగతి చూతము. 2003 మార్చిలో అమెరికా, దాని మిత్రరాజ్యాలు ఇరాకుపై దండెత్తిన పిమ్మట ఆ దేశ పాలన ఒక తాత్కాలిక అధికార సంస్థ చేతిలోకి వచ్చింది. అదే ఏడు మే నెలలో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1483వ తీర్మానం ద్వారా ఇరాకు చమురు ఆదాయాన్ని ఒక అభివృద్ధి నిధిలో జమచేసి, ఇరాకు ప్రజల మేలు కొరకే ఖర్చు చేయవలెనని నిర్దేశించింది. తరువాతి సంవత్సరకాలంలో న్యూయార్కు నుండి బాగ్దాదుకు విమానాలలో సుమారు 1,200 కోట్ల డాలర్ల నగదు చేరవేయబడింది. ఆ నోట్ల బరువు 363 టన్నులని అమెరికా పార్లమెంటు సంఘమే 2007లో లెక్కకట్టింది. ఇందులో ఇరాకు మంత్రిత్వశాఖలకు అప్పగించిన 880 కోట్ల డాలర్లు ఏమైనవో చూపుటకు తగిన లెక్కలు లేవని 2005 జనవరిలో ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక వెల్లడించింది. యుద్ధం నడుమ పాశ్చాత్య పద్ధతిలో చిట్టా ఆవర్జాలు వ్రాయుట సాధ్యం కాదని పాలకులు సమాధానం చెప్పారు. ఆ ధనం అమెరికా ప్రజలు కట్టిన పన్ను కాదు, ఇరాకు నేల నుండి తోడిన చమురు ధర. సొంత ధనమునకు సొంతదారే లెక్క అడుగలేని స్థితి అది.

అమెరికా తన ఖజానా నుండి ఇరాకు పునర్నిర్మాణానికి వెచ్చించినది ఇది కాక సుమారు 6,000 కోట్ల డాలర్లు. దియాలా ప్రాంతంలోని ఖాన్ బనీ సాద్ వద్ద 4 కోట్ల డాలర్లు పోసి కట్టనారంభించిన కారాగారం సగంలోనే నిలిచిపోయింది. అందులో ఒక్క ఖైదీనైనా ఉంచలేదు. ఫల్లూజా నగరంలో మురుగునీటి పథకానికి మొదట 3.25 కోట్ల డాలర్లు సరిపోవునన్నారు. ఖర్చు 10 కోట్లు దాటినది గాని పథకం నగరంలో సగం ఇండ్లకైనా అందలేదు. హిల్లాలో గుత్తేదారుల నుండి లంచాలు తిన్న అధికారులు తమ దేశపు న్యాయస్థానాలలోనే శిక్షలు పొందారు. ఇరాకు ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2013లో మూతపడుటకు ముందు ఇచ్చిన తుది నివేదికలో కనీసం 800 కోట్ల డాలర్లు వృథా అయినవని అంచనా వేసింది.

అఫ్గానిస్తాన్ కథ ఇంకను దీర్ఘమైనది. అక్కడ పునర్నిర్మాణం 2002లో మొదలైనది. దానిని తనిఖీ చేసే ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి మాత్రం 2008 జనవరిలో చేసిన చట్టంతో గాని పుట్టలేదు. దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినవని మనవారు సామెత చెబుతారు. ఇక్కడ ఆరు నెలలు కాదు, ఆరేండ్లు పట్టింది. అప్పటి నుండి వెలువడిన నివేదికలు చదివినవారికి నవ్వవలెనో, ఏడ్వవలెనో తెలియదు. అఫ్గాన్ వైమానిక దళానికని కొన్న 20 పాత ఇటాలియన్ విమానాల పథకానికి 54.9 కోట్ల డాలర్లు ఖర్చయినవి. వాటిలో 16 విమానాలను 2014లో తుక్కు క్రింద, పౌను ఆరు సెంట్ల చొప్పున అమ్మివేశారు. హెల్మండులో 3.6 కోట్ల డాలర్లతో ఒక సైనిక ప్రధాన కార్యాలయ భవనం కట్టారు. అది మాకు అక్కరలేదని అక్కడి సేనాధిపతులే 2010లో వ్రాసి పంపినను పైవారు వినలేదు. ఆ భవనంలో ఎవరూ అడుగిడి పనిచేయలేదు. అడవులు నూటికి రెండు పాళ్లు మాత్రమే ఉన్న ఆ దేశపు సైనికులకు అడవి రంగుల దుస్తులు కుట్టించి, సుమారు 2.8 కోట్ల డాలర్లు అనవసరంగా ఖర్చు చేశారు. కాబూలు సమీపాన తరాఖిల్ వద్ద 33.5 కోట్ల డాలర్లతో కట్టిన విద్యుత్కేంద్రం డీజిల్ ఖరీదు భరించలేక కొంతకాలం తన శక్తిలో నూటికి ఒక పాలైనా వినియోగపడలేదు. 2020లో ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం తాను పరిశీలించిన 6,300 కోట్ల డాలర్లలో సుమారు 1,900 కోట్లు మోసం, దుబారా, దుర్వినియోగాల పాలైనవని తేల్చింది. అనగా ప్రతి పది డాలర్లలో మూడు.

ఇందులో ఒక విషయం విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలెను. పోయిన ధనంలో అధిక భాగం దొంగలు దోచినది కాదు, అధికారులు దుబారా చేసినది. దొంగను పట్టుకొనుటకు పోలీసు చాలును. దుబారాను పట్టుకొనుట కష్టం. ఏలయనగా ప్రతి కాగితంపైన సంతకం ఉంటుంది, ప్రతి బిల్లుకూ రసీదు ఉంటుంది. ఆ సంవత్సరానికి మంజూరైన మొత్తాన్ని ఆ సంవత్సరంలోనే ఖర్చు చేయవలెనన్న తొందర దీనికి మొదటి కారణం. ఎంత పని జరిగినదని గాక, ఎంత ఖర్చయినదని చూచి పథకం విజయాన్ని కొలిచారు. అధికారులు ఏడాదికొకరు చొప్పున మారుటచే ఒకరు నేర్చిన పాఠం మరొకరికి అందలేదు. ఒక గుత్తేదారు క్రింద మరొక గుత్తేదారు, వాని క్రింద ఇంకొకడు ఉండుటచే ప్రతి మెట్టు వద్ద కొంత తరుగు పోయింది. ప్రాణభయం వలన ఇంజనీర్లు పని జరిగే స్థలానికి పోలేక, ఫోటోలు చూచి పని పూర్తియైనదని వ్రాసిన సందర్భాలు కూడ ఉన్నవి.

యుద్ధభూమిలో ఆడిటు చేయుట అసాధ్యమని, అడుగడుగునా లెక్క అడిగినచో పనులే ఆగిపోవునని కొందరు వాదిస్తారు. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. 2008 మార్చిలో బాగ్దాదులో ఇరాకు ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయపు ఆడిటరు ఒకరు రాకెట్ దాడిలో మరణించారు. కాని చరిత్ర వేరొక సాక్ష్యం కూడ ఇస్తున్నది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం పశ్చిమ ఐరోపా పునరుద్ధరణకు 1948 నుండి సుమారు 1,300 కోట్ల డాలర్లు వెచ్చించిన మార్షల్ ప్రణాళికను తలచుకొందము. దానికి ధనం ఇచ్చిన చట్టమే ఉభయసభల పర్యవేక్షణ సంఘాన్ని కూడ నెలకొల్పింది. సహాయంగా అందిన సరుకు విలువకు సమానమైన మొత్తాన్ని ఆయా ప్రభుత్వాలు తమ సొంత నాణెంలో ప్రత్యేక ఖాతాలో జమచేసి, ఉభయుల అంగీకారంతో ఖర్చు చేయవలసి ఉండెను. ఐరోపాకు అనుభవం గల పాలనాయంత్రం అప్పటికే ఉన్నదన్న మాట నిజమే. అయితే ఇండోనేషియాలోని అచే రాష్ట్రం అట్టిది కాదు. ఏండ్ల తరబడి అంతర్యుద్ధంలో నలిగిన ఆ ప్రాంతాన్ని 2004 డిసెంబరు 26 నాటి సునామీ తుడిచిపెట్టింది. 2005లో ఏర్పడిన పునర్నిర్మాణ సంస్థ అదే సంవత్సరం తనలోనే అవినీతి నిరోధక విభాగాన్ని నెలకొల్పుకొన్నది. ఆరోపణలు రాలేదని కాదు. కాని ఆ సంస్థ కాలంలో లక్షా నలభై వేల ఇండ్లు లేచినవి, 2009లో అది చెప్పిన గడువుకే తన పని ముగించి తలుపులు మూసుకొన్నది. కావలి ముందుగా ఉన్నచోట పని ఆగలేదన్నదే దీని వలన మనం గ్రహించవలసినది.

ఇక మా రెండవ మాట. అఫ్గానిస్తాన్‌పై వెలువడిన ఆ నివేదికలు ఎవరికి సమర్పింపబడినవి? వాషింగ్టన్‌లోని కాంగ్రెసుకు. నీరు రాని కాలువ గట్టున నిలబడిన రైతుకు, వైద్యుడు లేని ఆసుపత్రికి బిడ్డను మోసుకొని పోయిన తల్లికి ఆ లెక్కలతో సంబంధం కల్పించినవారు అరుదు. అదే దేశంలో 2003లో మొదలైన జాతీయ సంఘీభావ కార్యక్రమం వేరొక మార్గం చూపింది. గ్రామస్థులు ఎన్నుకున్న మండలులకు చిన్న మొత్తాలిచ్చి, జమాఖర్చులు ఊరివారందరికీ తెలుపవలెనన్నారు. లోపాలు దానిలోనూ ఉన్నవి. అయినను ఊరివారే మేస్త్రీని ఇసుక ఎంత, సిమెంటు ఎంత అని అడుగగలిగారు. ఈ పద్ధతి విలువ మన తెలుగు పల్లెలకు తెలియనిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ జరిపినప్పుడు గ్రామసభలో మస్టర్ రోల్ బిగ్గరగా చదివేవారు. చనిపోయినవారి పేరిట కూలి వ్రాసిన సంగతులు అక్కడనే బయటపడినవి. ఏ పట్టణపు ఆడిటరుకూ తెలియని ఆ రహస్యం పొరుగింటివానికి తెలియును.

మన దేశం కూడ నేడు దాతగా నిలిచినదన్న సంగతి మరువరాదు. అఫ్గానిస్తాన్‌లో జరంజ్ నుండి దెలారాం వరకు 218 కిలోమీటర్ల రహదారిని, 2016లో ప్రారంభమైన హెరాత్ ప్రాంతపు సల్మా ఆనకట్టను, కాబూలులో పార్లమెంటు భవనాన్ని భారతదేశమే నిర్మించి ఇచ్చింది. అది మనకు గర్వకారణం. అందలి ప్రతి రూపాయి మన పన్ను గనుక, రాజ్యాంగం 148 నుండి 151 వరకు గల అధికరణాలలో నిర్దేశించిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వ్యవస్థ, పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ సరిహద్దు దాటిన ధనంపై కూడ అంతే శ్రద్ధ చూపవలెనని కోరుట మన విధి.

కావలివాడు ఉంటే చాలదు, వానికి స్వాతంత్ర్యం ఉండవలెను. అఫ్గానిస్తాన్ లెక్కల తనిఖీలో నూట అరువదికి పైగా నేరస్థులకు శిక్షలు పడినవి. కాని 2017లో సైన్యపు సంఖ్యల వంటి కొన్ని వివరాలు రహస్యమని చెప్పి ప్రజలకు తెలియనీయలేదు. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు వివిధ శాఖలలోని పదిహేడుమంది ఇన్‌స్పెక్టర్ జనరళ్లను ఒకేసారి తొలగించినట్లు లోకమంతయు చదివింది. తనిఖీ చేయబడేవారి దయ మీద తనిఖీదారు ఉద్యోగం ఆధారపడినచో కంచె చేను మేయుటకు ఎంతో కాలం పట్టదు.

అమానత్ అనే మాట మనలో ఉర్దూ చదివినవారికీ, తెలుగు చదివినవారికీ పరిచితమే. పరుల సొత్తును మన వద్ద ఉంచుకొని, అడిగిన నాడు చెక్కు చెదరక అప్పగించుటయే దాని అర్థం. ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ సొంత మాటలు మొదలు కాగానే ప్రభుత్వ నూనెతో వెలిగే దీపం ఆర్పించి తన దీపం తెప్పించెనని పెద్దలు చెప్పే కథను మనం చిన్ననాటి నుండి వింటున్నాము. ఆ దీపపు నూనె విలువ ఎంత? నేడు మాయమైన వేల కోట్లు ఎంత? లెక్క చిన్నదైనను పెద్దదైనను నియమం ఒక్కటే.

మనలో కొందరు రేపు గుమాస్తాలు, ఇంజనీర్లు, ఆడిటర్లు కాగలరు. కొందరు గల్ఫు దేశాలకు పోయి ఇతరుల నిర్మాణాలలో పని చేయగలరు. చేయని పనిని చేసినట్లు వ్రాసి సంతకం పెట్టమని ఎవరో ఒకరు మనలను అడుగు దినం తప్పక వస్తుంది. ఆనాడు కలం క్రింద పెట్టగల ధైర్యం కావలెనన్నచో, చందాలతో, గ్రాంటులతో నడిచే మన విద్యాసంస్థలలోనే ఆ అలవాటు మొదలు కావలెను. విద్యార్థి సంఘం ఖర్చు చేసిన ప్రతి రూపాయి లెక్క నోటీసు బోర్డుపై ఉండవలెనని మనమే ముందుగా కోరుదము. అట్లు కోరినవారికే దూరదేశపు లెక్కలను గూర్చి మాట్లాడే అర్హత కలుగుతుంది.